ఐదు తీగలా, ఆరు తీగలా, ఉన్న నాలుగే చాలా? బేస్ గిటార్ మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

విశాఖలో కంచరపాలెం నుంచి మా రిహార్సల్‌కి వచ్చే ఒక తమ్ముడు పోయిన నెల అడిగాడు: "ఏటన్నా, ఇంకెన్నాళ్ళు ఈ నాలుగు తీగలతో? సిక్స్ స్ట్రింగ్ తీసేసుకుంటాను." ఎందుకని అడిగితే ఫోన్‌లో వీడియోలు చూపించాడు. వాటిలో వాయింపు నిజంగానే అద్భుతం. "సరే, నువ్వు వాయించే పాటల్లో ఏ స్వరం నీకు అందట్లేదు?" అన్నాను. కాసేపు ఆలోచించాడు కానీ చెప్పలేకపోయాడు. ఇద్దరం కూర్చుని అతని పాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి లెక్క వేశాం. అతనికి కింద, అంటే ఇంకా మంద్రంగా పలికే వైపు, ఒక తీగ తక్కువైన మాట నిజమే. పైన తీగ అవసరమైన పాట మాత్రం ఒక్కటీ కనబడలేదు.

ఆ రోజు మేం వేసిన లెక్కనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. బేస్ అంటే ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి భుజాన మోసే వస్తువు. మోజు మీద కాకుండా అవసరం చూసుకుని కొంటే చేతికీ డబ్బుకీ కూడా మంచిది.

ముందు కొంచెం నేపథ్యం

మామూలు నాలుగు తీగల బేస్‌కి కింద నుంచి ఇ, ఎ, డి, జి అని ట్యూన్ చేస్తాం. అన్నిటికంటే లావు తీగ ఇ సుమారు 41 హెర్ట్జ్, సన్న తీగ జి 98 హెర్ట్జ్. ఐదు తీగల బేస్‌లో ఎక్కువగా కింద బి తీగ కలుస్తుంది. అది దాదాపు 31 హెర్ట్జ్. ఆరు తీగలదానికి కింద బి, పైన సి, రెండూ ఉంటాయి. పైన సి అంటే సుమారు 131 హెర్ట్జ్. ఏడో తీగగా కింద ఎఫ్ షార్ప్ పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది 23 హెర్ట్జ్. మన చెవి వినగలిగే హద్దు 20 దగ్గర కాబట్టి, దాన్ని చెవితో కంటే ఒంటితో ఎక్కువ వింటాం.

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది. అదే కంపెనీ 1965లో పైన సి తీగతో ఐదు తీగల బేస్ కూడా అమ్మింది. ఇప్పుడు మనం చూస్తున్న ఆరు తీగల రూపానికి మూలం ఆంథొనీ జాక్సన్ అనే బేస్ వాద్యకారుడు. ఆయన అడిగితే కార్ల్ థాంప్సన్ అనే తయారీదారు 1975లో చేసిచ్చిన బేస్ అది. మరోపక్క జాకో పాస్టోరియస్ అనే బేస్ దిగ్గజం అంత పేరు తెచ్చుకున్నది నాలుగు తీగల మీదే. తీగలు ఎక్కువున్నంత మాత్రాన వాయింపు పెద్దది అయిపోదు.

మొదటి అడుగు: మీ పాటల లెక్క

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. దీనికి ఒక ఆదివారం మొత్తం కేటాయించినా తప్పు లేదు.

గత ఆరు నెలల్లో మీరు నిజంగా స్టేజి మీదో, చర్చిలోనో, రిహార్సల్‌లోనో వాయించిన 20 పాటలు రాయండి. ఎప్పుడో వాయించాలనుకుంటున్నవి వేరే పేజీలో పెట్టండి. ఒక్కో పాట పక్కన మీరు వాయించిన స్కేల్ రాయాలి. రికార్డింగ్‌లో ఉన్న స్కేల్ కాదు, మీ గాయకుడికో గాయనికో కుదిరిన స్కేల్. ఈ తేడా చాలా మంది పట్టించుకోరు, బేస్ వాళ్ళకి ఇబ్బంది మొదలయ్యేది మాత్రం ఇక్కడే. రిసెప్షన్ ప్రోగ్రాంలో పాట మొదలవడానికి రెండు నిమిషాల ముందు "అన్నా, గొంతు పట్టేసింది, ఒక మెట్టు దించుదాం" అంటారు. కీబోర్డ్ ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి కూర్చుంటాడు. మనకి ఆ బటన్ లేదు. ఇ స్కేల్లో ఖాళీ తీగ (వేలు నొక్కకుండా మీటే తీగ) మీద హాయిగా మోగిన పాట ఇ ఫ్లాట్‌కి దిగగానే, నాలుగు తీగల బేస్‌లో ఆధార స్వరం ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి, ఎ తీగ ఆరో ఫ్రెట్‌కి (మెట్టుకి) ఎగిరి కూర్చుంటుంది. అప్పటిదాకా నిండుగా ఉన్న పాట ఒక్కసారిగా తేలిపోతుంది.

స్కేల్ ఇ, ఎఫ్, జి, ఎ అయితే నాలుగు తీగలతో కింది ఆధార స్వరం దొరుకుతుంది. సి, సి షార్ప్, డి, ఇ ఫ్లాట్ స్కేళ్ళలో దొరకదు. మన గాయకులు చాలామంది ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. అంటే సి, సి షార్ప్, డి. నాలుగు తీగల బేస్‌కి ఇబ్బంది పెట్టేవి సరిగ్గా ఇవే.

అలాగని స్కేల్ డి అయిన ప్రతి పాటకీ కింది డి కావాలని కాదు. పాటని ఇయర్‌ఫోన్స్‌లో వినండి. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది స్వరాలు రానే రావు. బేస్ నిజంగా ఇ కంటే కిందికి దిగిందా, లేక పైన డి మీదే నడిచిందా చూడండి. ఇప్పటి సినిమా పాటల్లో చాలా వాటికి బేస్ కీబోర్డ్ మీద వాయించినదే. ఆ సింథ్ బేస్‌కి తీగల హద్దు ఉండదు కాబట్టి కిందికి బాగా దిగుతుంది. పాత పాటల్లో ఈ సమస్య తక్కువ.

ఒక్కో పాటకి మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. కింది స్వరం లేకపోతే పాట పాడవుతుంది అనుకుంటే టిక్. ఉంటే బాగుంటుంది, లేకపోయినా నడుస్తుంది అంటే చుక్క. అవసరమే లేదంటే ఖాళీ. తర్వాత ఇదే పని పైస్వరాల కోసం చెయ్యండి. జి తీగ మీద 12వ ఫ్రెట్ దాటి వెళ్ళి వాయించాల్సిన సోలో, కార్డ్స్, మెలడీ ఏ పాటల్లో ఉన్నాయో గుర్తు పెట్టండి.

నా అంచనా ప్రకారం కింది వైపు 20లో ఐదారు టిక్కులు వస్తే ఐదు తీగల బేస్ గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. రెండు మూడే వస్తే ముందు రెండో అడుగు చూడండి, దానితోనే పని అయిపోవచ్చు. పై వైపు టిక్కులు ఐదు కూడా లేకపోతే ఆరో తీగ కోసం డబ్బు పెట్టకండి. మా తమ్ముడి లెక్కలో కింద ఏడు వచ్చాయి, పైన సున్నా.

రెండో అడుగు: ఉన్న బేస్ మీదే పరీక్ష

కొత్తది కొనకుండా కింది స్వరాల రుచి చూడటానికి మూడు దారులున్నాయి.

ఒకటి, ఇ తీగని డి దాకా దించడం. ఖర్చేమీ లేదు. ఇబ్బందల్లా ఆ తీగ మీద ఫ్రెట్ల లెక్క రెండు స్థానాలు మారిపోవడం. పాట మధ్యలో దించాలంటే హిప్‌షాట్ కంపెనీ చేసే లివర్ ఉన్న ట్యూనర్ వేయించుకోవచ్చు. లివర్ తిప్పితే డి, వెనక్కి తిప్పితే ఇ. మీ లెక్కలో టిక్కులన్నీ డి, ఇ ఫ్లాట్ స్కేళ్ళలోనే ఉంటే ఇదొక్కటే చాలు.

రెండు, ఐదు తీగల సెట్ కొని అందులో లావు నాలుగు తీగలు మాత్రమే వేసి బి, ఇ, ఎ, డి అని ట్యూన్ చేయడం. నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఇది. నాలుగు తీగల సెట్‌లో లావు తీగ మామూలుగా 0.105 అంగుళాలు, ఐదు తీగల సెట్‌లో బి తీగ 0.125 లేదా 0.130. ఇంత లావు తీగ పాత నట్ (ట్యూనర్ల వైపు తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో కూర్చోదు, గాడి అరగదీయాలి. ఒకసారి అరగదీస్తే తర్వాత పాత తీగ అందులో వదులుగా ఊగుతుంది. అందుకని రిపేర్ చేసే ఆయనతో కొత్త నట్ వేయించుకుని, పాతదాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ), బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా స్వరం సరిగ్గా పలకడం) కూడా సరిచేయించాలి. ఒక నెల ఇలా వాయించండి. పైన పోయిన జి తీగ కోసం ఎన్నిసార్లు చెయ్యి వెతుక్కుందో గమనించండి. అసలు వెతుక్కోలేదా, అయితే మీకు ఐదు తీగలు కూడా అక్కర్లేదు. ఈ ట్యూనింగ్‌లోనే ఉండిపోవచ్చు.

మూడోది ఆక్టేవ్ పెడల్. వాయించిన స్వరానికి ఒక ఆక్టేవ్ కింద స్వరాన్ని కలుపుతుంది. ఎ తీగ మీద, ఆ పైన బాగానే పట్టుకుంటుంది, ఇ తీగ కింది ఫ్రెట్లలో తడబడుతుంది. ఒకటి రెండు పాటలకైతే సరిపోతుంది.

పైస్వరాల కోసం కూడా ఇలాగే చేయవచ్చు. ఆరు తీగల సెట్‌లో సన్న నాలుగు తీగలు తీసి ఎ, డి, జి, సి అని ట్యూన్ చేయండి. సోలో, కార్డ్స్ మీద మీకున్న ఇష్టం నెల తర్వాత కూడా అలాగే ఉందా, తగ్గిందా మీకే తెలుస్తుంది.

మూడో అడుగు: ఆ శబ్దం ఎక్కడి నుంచి బయటికి వస్తుంది?

బి తీగ కొనుక్కున్నంత మాత్రాన 31 హెర్ట్జ్ జనానికి వినిపించదు. ఇంట్లో ఉండే ఎనిమిది అంగుళాల స్పీకర్ యాంప్‌లో ఆ మూల స్వరం దాదాపు రాదు. వచ్చేవి దాని పై హార్మోనిక్స్, అంటే మూల స్వరంతో పాటు పలికే దాని రెట్టింపు, మూడింతల శబ్దాలు: 62, 93 హెర్ట్జ్. మన మెదడు వాటిని బట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అందుకే చిన్న యాంప్‌లో కూడా బి తీగ "బి" లాగే వినిపిస్తుంది కానీ గుండెకి తగలదు.

మన ఊళ్ళో వేదికలు కూడా ఒకేలా ఉండవు. బీచ్ రోడ్డు మీద ఆరుబయట పెద్ద ప్రోగ్రాం అయితే 18 అంగుళాల సబ్‌లు (కింది స్వరాల కోసమే ఉండే పెద్ద స్పీకర్లు) పెడతారు, అక్కడ బి తీగ ఒక పండగ. గురజాడ కళాక్షేత్రం లాంటి హాల్లో సంగతి ఆ రోజు తెచ్చిన సిస్టమ్‌ని బట్టి ఉంటుంది. మధురవాడ వైపు ఫంక్షన్ హాళ్ళలో చాలాసార్లు రెండు టాప్ స్పీకర్లే ఉంటాయి. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే శబ్దంలో కింది స్వరాలన్నీ ఒకే మూలుగులా కలిసిపోతాయి. అలాంటి చోట నేను ఐదు తీగల బేస్ మీద కూడా కావాలనే పై ఆక్టేవ్ వాయిస్తాను.

ఇంకో సంగతి. డిజిటల్ మిక్సర్లలో కింది శబ్దాలని కోసేసే ఫిల్టర్ ఉంటుంది. సౌండ్ చూసేవాళ్ళు దాన్ని మైకుల కోసం 80, 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి, తొందరలో బేస్ ఛానెల్‌కి కూడా అలాగే వదిలేస్తుంటారు. అప్పుడు మీ బి తీగే కాదు, ఇ తీగ కూడా సగం పోతుంది. సౌండ్ చెక్‌లో మర్యాదగా "అన్నా, బేస్‌కి లో కట్ 30 దగ్గర పెట్టండి" అని అడగండి. ఇన్నేళ్ళలో ఈ ఒక్క మాట నాకు చేసినంత మేలు ఏ పెడలూ చేయలేదు.

మీరు వాయించే చోట్లలో ఎక్కువ వాటికి సబ్‌లు లేకపోతే, మొదటి అడుగులో పెట్టిన టిక్కుల్లో సగం చుక్కలుగా మార్చుకోండి.

నాలుగో అడుగు: మీ ఒళ్ళు ఏమంటుంది?

నాలుగు తీగల బేస్‌లో నట్ దగ్గర నెక్ వెడల్పు మోడల్‌ని బట్టి 38 నుంచి 44 మిల్లీమీటర్లు ఉంటుంది. ఐదు తీగలకి 45, 47. ఆరు తీగలకి 54 దాకా వెళ్తుంది. చిన్న చేతులవాళ్ళు ఇది చదివి భయపడనక్కర్లేదు, కానీ బొటనవేలు నెక్ పైనుంచి తొంగిచూసే అలవాటు ఉంటే ఆరు తీగల మీద అది సాగదు. బొటనవేలు నెక్ వెనక మధ్యలోకి రావాలి, మణికట్టు మరీ వంగకూడదు. పావుగంట వాయించాక మణికట్టులో లాగినట్టు ఉంటే ముందు బేస్‌ని కొంచెం ఎత్తులో కట్టుకుని చూడండి. అప్పుడు కూడా లాగితే ఆ బేస్ మీది కాదు.

కుడిచేతి వైపు తీగల మధ్య దూరం చూడాలి. నాలుగు తీగల బేస్‌లో బ్రిడ్జి దగ్గర సుమారు 19 మిల్లీమీటర్లు, ఐదు ఆరు తీగల వాటిలో చాలాసార్లు 16, 17 దాకా తగ్గుతుంది. స్లాప్ (తీగని బొటనవేలితో కొట్టి, వేలితో లాగి వాయించడం) ఎక్కువగా చేసేవాళ్ళకి వేలు దూర్చి తీగ లాగడానికి అక్కడ చోటు చాలదు. వేళ్ళతో మెల్లగా వాయించేవాళ్ళకి అదే దూరం హాయిగా ఉంటుంది.

బరువు సంగతికొస్తే, నాలుగు తీగలది నాలుగు కిలోల చుట్టూ ఉంటుంది, ఆరు తీగలవి ఐదు కిలోలు దాటేవి కూడా ఉన్నాయి. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బేస్ వీపున వేసుకుని స్కూటీ మీద రోజూ వచ్చేవాళ్ళకి ఆ కిలో తేడా చిన్నదేం కాదు. షాపులో కూర్చుని చూసి కొనేయకండి. స్ట్రాప్ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడండి. చేతులు వదిలేస్తే నెక్ కిందికి వాలిపోతోందా చూడండి. వాలిపోతే ఎడమచెయ్యి రాత్రంతా బేస్‌ని మోస్తూ వాయించాలి.

ఐదో అడుగు: మ్యూటింగ్

తీగ ఎక్కువయ్యే కొద్దీ కష్టం వాయించడంలో కంటే వాయించని తీగల నోరు మూయించడంలో ఉంటుంది. మీరు ఎ తీగ మీద వాయిస్తుంటే కింద బి తీగ తనంతట తను మోగుతుంది. ఇంట్లో మీకు తెలియదు. సబ్‌లు ఉన్న వేదిక మీద ఆ మూలుగు డ్రమ్స్ కిక్‌ని కమ్మేస్తుంది.

దీనికి కుడి బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టుకునే భాగం) మీద స్థిరంగా ఉండకుండా, వాయించే తీగకి కిందున్న లావు తీగల మీద ఆనుతూ జరుగుతూ ఉండాలి. ఎడమచేతి వేళ్ళు సన్న తీగల్ని తాకి ఆపాలి. మీ నాలుగు తీగల మీదే ఇప్పుడు ప్రయత్నించండి: జి తీగ మీద ఒక వరస వాయించి చటుక్కున ఆపండి, మిగతా మూడు నిశ్శబ్దంగా ఉన్నాయా? లేకపోతే ముందు ఇది నేర్చుకోండి. రోజుకి పదిహేను నిమిషాలు చొప్పున కొన్ని వారాలు చేస్తే పట్టుబడుతుంది. నాలుగు తీగల మీద రానిది ఆరు తీగల మీద రాదు.

ఇప్పుడు ఏది?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. విశాఖలో సినిమా పాటల ఆర్కెస్ట్రాలో, చర్చిలో, కాలేజీ బ్యాండ్‌లో వాయించే చాలామందికి కింద బి ఉన్న ఐదు తీగల బేస్ సరైన ఎంపిక. కారణం కింది ఐదు స్వరాలు మాత్రమే కాదు. ఐదో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెడితే బి తీగ మీద ఇ దొరుకుతుంది, అక్కడి నుంచి జి తీగ తొమ్మిదో ఫ్రెట్ దాకా చెయ్యి దాదాపు కదలకుండా రెండు ఆక్టేవ్‌లు నిండుగా వస్తాయి. ఖాళీ తీగల మీద ఆధారపడకుండా వాయిస్తాం కాబట్టి గాయని అడిగిన వెంటనే అదే ఆకారాన్ని ఒక ఫ్రెట్ కిందికి జరిపితే చాలు. మనకి లేని ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకరకంగా ఇదే.

ఆరు తీగలు ఎవరికి? బ్యాండ్‌లో గిటార్ లేక కార్డ్స్ బాధ్యత కూడా మీ మీద ఉన్నవాళ్ళకి. ఒంటరిగా బేస్ మీదే పాట మొత్తం వాయించేవాళ్ళకి. ఫ్యూజన్‌లో, కర్ణాటక కృతుల్లో మెలడీ వాయించాలనుకునేవాళ్ళకి. జి తీగ మీద ఎక్కడో పైన ఉండే స్వరం సి తీగ మీద ఐదు ఫ్రెట్లు కిందే దొరుకుతుంది, సన్న తీగ కాబట్టి గమకం లాగడం కూడా తేలిక. ఈ పనులు మీరు ఇప్పటికే చేస్తుంటే ఆరు తీగలు మీకు న్యాయం చేస్తాయి. పైన సి మాత్రమే కావాలనుకుంటే ఐదు తీగల బేస్‌నే ఇ నుంచి సి దాకా కట్టుకోవచ్చు. ఇది ఎందుకో ఎక్కువమంది ఆలోచించరు. ఏడు, ఎనిమిది తీగల సంగతి ఆరు తీగల మీద కొన్నేళ్ళు గడిచాక చూసుకోండి.

షాపులో చూడాల్సినవి

ఆరు తీగలవి మన ఊరి షాపుల్లో నాకు ఎప్పుడో గానీ కనబడలేదు. ఆర్డర్ పెట్టే ముందు ఎవరిదైనా ఒక పూట అడిగి తీసుకుని వాయించండి. హైదరాబాద్, చెన్నై పని మీద వెళ్తే ఒక గంట పెద్ద షాపుకి కేటాయించండి.

బి తీగే అసలు పరీక్ష. ఐదో ఫ్రెట్ దగ్గర బి తీగ మీద ఇ వాయించి, వెంటనే ఖాళీ ఇ తీగ వాయించండి. రెండూ ఒకే స్వరం. ఒకటి మూసుకుపోయినట్టు, ఇంకోటి గణగణలాడుతూ ఉంటే ఆ బేస్‌లో బి తీగ బలహీనం. తర్వాత బి తీగ మీద చిన్న చిన్నగా తెగే స్వరాలు వేగంగా వాయించండి, తీగ తాడులా ఊగకూడదు. కొన్ని బేస్‌లలో తీగ పొడవు మామూలు 34 అంగుళాలకి బదులు 35 ఉంటుంది. అదే తీగకి టెన్షన్ దీనివల్ల దాదాపు 6 శాతం పెరుగుతుంది, బి బిగువుగా మోగుతుంది. ఫ్రెట్లు విసనకర్రలా వాలుగా ఉన్నవాటిలో లావు తీగలు పొడవుగా, సన్నవి పొట్టిగా ఉంటాయి. చూడటానికి వింతగా ఉన్నా చెయ్యి త్వరగానే అలవాటు పడుతుంది. అయినా 34 అంగుళాల బేస్‌ల్లో కూడా మంచి బి ఉన్నవి నేను వాయించాను, అంకె చూసి కాకుండా చెవితో తేల్చుకోండి.

ట్యూన్ చేసేటప్పుడు ఫోన్ ట్యూనర్ కింది బిని పట్టుకోలేక తడబడితే 12వ ఫ్రెట్ మీద వేలు ఆనించి హార్మోనిక్ మోగించండి, వెంటనే పట్టుకుంటుంది. లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉన్న బేస్ అయితే వాయించనప్పుడు కేబుల్ తీసేయాలి, లేకపోతే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. సంచిలో ఇంకోటి తప్పకుండా పెట్టుకోండి.

తీగల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. మన సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, ఆరు తీగల సెట్ నాలుగుదానికంటే బాగా ఖరీదు. పైగా లావు బి తీగ ఒక్కటీ విడిగా దొరకడం ఇక్కడ కష్టం, ఒక సెట్ ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవాలి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి, బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఉక్కపోత నుంచి చలికాలానికి మారేటప్పుడు నెక్ కొద్దిగా కదులుతుంది, ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ చూపించుకోండి. కొన్ని ఆరు తీగల బేస్‌లలో రెండు ట్రస్ రాడ్లు ఉంటాయి, తెలియకుండా మీరే తిప్పకండి.

కొన్న తర్వాత మొదటి నెల

మొదటి వారాల్లో చెయ్యి ఇ తీగ అనుకుని బి తీగ మీదికి పోతుంది, ఇది అందరికీ జరిగేదే. పాత పాటల్నే, కొత్త స్థానాల్లో, ఖాళీ తీగలు అసలు వాడకుండా నెమ్మదిగా వాయించండి. బి తీగని గట్టిగా బాదకండి. తేలిగ్గా, బ్రిడ్జికి కొంచెం దగ్గరగా మీటితే స్వరం స్పష్టంగా వస్తుంది. పెద్ద ప్రోగ్రాంకి ముందు రోజు మాత్రం కొత్త బేస్‌కి మారకండి, ముందు రెండు మూడు రిహార్సల్స్ దాని మీద గడవాలి.

పాత నాలుగు తీగల బేస్‌ని ఆరు నెలలు అమ్మకుండా ఉంచండి. ఆ ఆరు నెలల్లో ఏ ప్రోగ్రాంకి ఏది తీసుకెళ్ళారో మొదటి అడుగులో మొదలుపెట్టిన నోట్‌బుక్‌లోనే రాస్తూ ఉండండి. మా తమ్ముడు ఐదు తీగలది తీసుకుని నెల కూడా కాలేదు. నోట్‌బుక్‌లో ఇప్పటికి నాలుగు ప్రోగ్రాంలు రాశాడు. మూడింటికి కొత్తది పట్టుకెళ్ళాడు, పాత పాటలు మాత్రమే పాడిన ఒకదానికి పాతదే తీసుకెళ్ళాడు.